కుచ్చిళ్లలో పోయే లోపం

అమెరికా నుంచి బెంగళూరు వచ్చేసేటప్పుడు మా అబ్బాయి ఒక్కదాని విషయంలోనే పట్టుబట్టాడు: బేస్‌బాల్ కార్డులు, అంటే ఆటగాళ్ల బొమ్మలు అచ్చేసిన చిన్న అట్టముక్కలు. ఇక్కడ అపార్ట్‌మెంట్ పిల్లలంతా క్రికెటే. వాడూ ఆడతాడు, కన్నడం మాకంటే బాగా పట్టేశాడు. అయినా ఆ కార్డుల మీద ఇష్టం తగ్గలేదు. తగ్గాలని నేనూ కోరుకోను. నాకు తెనాలి ఎంతో వాడికి న్యూజెర్సీ అంత.

పాత కార్డులంటే చాలా డబ్బు వ్యవహారం. మిక్కీ మాంటిల్ అనే ఆటగాడిది, టాప్స్ కంపెనీ వేసిన 1952 నాటి కార్డు, దాదాపు కొత్తదానిలా ఉన్నది, 2022లో కోటీ 26 లక్షల డాలర్లకు అమ్ముడుపోయింది. మా వాడి పాకెట్ మనీకి అందేవి లోపాలున్నవే. మూలలు మొద్దుబారినవి, బొమ్మ ఓ పక్కకి జరిగి అచ్చయినవి, ఆల్బమ్‌లోంచి పీకితే వెనక కాగితం లేచిపోయినవి. అక్కడున్న మా తమ్ముడు కొని ఉంచి, వచ్చేటప్పుడు తెస్తాడు.

వాడి హీరో రాబర్టో క్లెమెంటే. పోర్టోరికోకి చెందిన బేస్‌బాల్ ఆటగాడు. 1972 డిసెంబర్ 31న నికరాగ్వా భూకంప బాధితులకు సాయం తీసుకెళ్తూ విమాన ప్రమాదంలో చనిపోయాడు. 1960ల కార్డుల మీద ఆయన పేరు 'బాబ్' అని వేశారు, ఆయనకి అది ఇష్టం లేకపోయినా. 1971 కార్డు మీద రాబర్టో అనే ఉంటుంది. స్కూల్లో తన పేరునీ ముక్క చేసి పిలిచారు కాబట్టి మా వాడికి ఆ కార్డే ముందు కావాల్సి వచ్చింది.

ఆ ఏడాది కార్డులకు నల్లటి అంచు. కాస్త రాసుకున్నా నలుపు లేచి తెలుపు బయటపడుతుంది. అందుకే అంచు చెడనివి అరుదు, మిగతావి చవక.

"చెడిపోయినదాన్ని డబ్బిచ్చి కొనడమేంటి నాన్నా?" అంది మా అమ్మ. తర్వాత చిక్‌పేటలో తగ్గింపు పట్టుచీరలు చూస్తున్నాం. అమ్మ ఒక చీరను గుమ్మం దగ్గరికి తీసుకెళ్లి, వెలుతురుకి ఎత్తి పట్టి, పోగు లేచిన చోట వేలు పెట్టింది. "ఇది కుచ్చిళ్లలో పోతుంది, తీసుకో. పమిట మీదుంటే ఎంత తగ్గించినా వద్దు."

"అమ్మమ్మా, నేనూ అంతే! మొహం మీద మడతుంటే కొనను, వెనకుంటే కొంటా" అన్నాడు వాడు.

ఆ రాత్రి ఇద్దరూ టేబుల్ లైటు కింద కార్డుల్ని అటూ ఇటూ వంచి చూస్తూ కూర్చున్నారు. అమ్మ అడిగిన మొదటి ప్రశ్న, "అంచుకి రంగేమైనా పూశారా?" అని. సరిగ్గా అదే ఇందులో జరిగే మోసం! తెలుపు కనబడకుండా నల్ల మార్కర్ పూసేస్తారు. మొద్దుబారిన మూలల్ని కత్తిరించి పదునుగా చేసేవాళ్లూ ఉన్నారు. హోనస్ వాగ్నర్ అనే పాత ఆటగాడి కార్డుల్లో, సేకరించేవాళ్లందరికీ తెలిసిన ఒకదాని అంచులు తానే కత్తిరించానని బిల్ మాస్ట్రో అనే పెద్ద వ్యాపారి 2013లో ఒప్పుకున్నాడు. మా వాడు తన కార్డుల్ని స్కేలు పెట్టి చూస్తాడు. వెడల్పు రెండున్నర అంగుళాలు, పొడవు మూడున్నర అంగుళాలు ఉండాలి.

చెప్పి అమ్మిన లోపం వేరు, దాచి అమ్మినది వేరు. ఈ మాట నేను ఎన్ని రకాలుగా చెప్పినా ఇంత బాగా ఎక్కేది కాదు. పిల్లల అమెరికా ఇష్టాలు మన పెద్దవాళ్లకు అర్థం కావని ముందే తేల్చేసుకుంటాం. అడిగితే వాళ్ల దగ్గర ఆ విద్య ఎప్పటినుంచో ఉంటుంది.

ఇప్పుడు వాడి కన్ను 1969 కార్డు మీదుంది, 'బాబ్' అని ఉన్నదాని మీద. రెండూ పక్కపక్కన పెట్టాలట. తమ్ముడు ఫొటో పంపాడు. వెనక పెన్ను గీత, ముందు శుభ్రం. అమ్మ ఫోన్‌లో పెద్దది చేసి చూసి, తీసుకోవచ్చు కానీ ధర ఇంకొంచెం తగ్గించమని అడగమంది.