జయనగర్‌లో యిర్గచెఫె

మా మరిది అడిస్ అబాబా నుంచి తెచ్చిన యిర్గచెఫె అనే ఇథియోపియా కాఫీ గింజలతో బెంగళూరులోని మా ఇంట్లో రెండు పార్టీలు ఏర్పడ్డాయి. చికరీ కలిపిన ఫిల్టర్ కాఫీకి అలవాటుపడిన మా అత్తగారు ఒక్క గుక్క తాగి, "బెల్లం వేయడం మరచిన చారులా ఉందమ్మా" అన్నారు. నాకు మాత్రం నిమ్మతొక్క, మల్లెపూల వాసన తెలిసింది.

ఆ పులుపు లోపం కాదు. అరబికా అనే కాఫీ జాతికి పుట్టిల్లు ఇథియోపియా. ఆ దేశపు దక్షిణ భాగాన గెడియో ప్రాంతంలో, సుమారు 1,700 నుంచి 2,200 మీటర్ల ఎత్తున, చిన్న రైతులు ఇళ్ల చుట్టూ పెద్ద చెట్ల నీడన ఈ మొక్కలు పెంచుతారు. చల్లదనానికి పండు నిదానంగా పక్వానికి వస్తుంది. తరువాత తొక్క తీసి, గింజను తొట్లలో పులియబెట్టి, జిగురు పోయేదాకా కడిగి, ఎత్తైన మంచెలపై ఆరబెడతారు. అందుకే రుచి అంత తేటగా ఉంటుంది. నిపుణులు రుచిచూసి 100కి 80 మార్కులైనా ఇస్తేనే స్పెషాలిటీ కాఫీ అనేది వాడుక.

దీన్ని నల్లగా మాడ్చి వేయిస్తే ఆ కష్టమంతా వృథా. లేత వేపుడు కావాలి. నేను 15 గ్రాముల పొడి మీద, మరుగు తగ్గిన 250 మిల్లీలీటర్ల నీళ్లు కొద్దికొద్దిగా పోస్తాను. పాలు పోస్తానంటే మాత్రం గిన్నె లాక్కుంటాను.

ఇథియోపియాలో అతిథుల ముందే గింజలు వేయించి, అబోల్, తోనా, బరకా అని మూడు విడతలు పోస్తారట. కొన్నిచోట్ల ఉప్పు కూడా వేస్తారట. ఉప్పు సంగతి విన్నాక అత్తగారు నా వైపు అనుమానంగా చూస్తున్నారు.