రికాల్ లెటర్ పాత ఓనర్ ఇంటికెళ్లింది

నేను సెకండ్ హ్యాండ్‌లో కారు కొన్న రెండేళ్లకి గానీ తెలీలేదు దాని మీద రికాల్ ఉందని, అంటే లోపం ఉంది, తెచ్చి బాగుచేయించుకోండని కంపెనీ వెనక్కి పిలిచిందని. సర్వీస్‌కిస్తే కౌంటర్లో అబ్బాయి చాసిస్ నంబర్ కొట్టి చూసి "సార్, ఎయిర్‌బ్యాగ్ రికాల్ పెండింగ్ ఉంది, మీకెవరూ చెప్పలేదా" అన్నాడు. లెటర్ వచ్చిందంట, కాకపోతే పాత ఓనర్ అడ్రస్‌కి. ఆ రెండేళ్లూ మా అమ్మని ముందు సీట్లో కూర్చోబెట్టుకుని తిప్పాను, తల్చుకుంటే ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది.

జపాన్ కంపెనీ టకాటా చేసిన ఎయిర్‌బ్యాగుల సంగతి వినే ఉంటారు. బ్యాగ్ ఉబ్బడానికి అమ్మోనియం నైట్రేట్ అనే రసాయనం వాడారు, ఏళ్ల తరబడి వేడీ తేమా తగిలి ఆ మందు పాడైతే, యాక్సిడెంట్ అయినప్పుడు బ్యాగ్ తెరుచుకోవడంతో పాటు ఇన్‌ఫ్లేటర్ (బ్యాగ్‌లోకి గ్యాస్ నింపే లోహపు డబ్బా) కూడా పగిలి లోహం ముక్కలు మొహానికి, మెడకి దిగబడేవి. ప్రాణాలు పోయాయి. కోట్ల బళ్లు వెనక్కి పిలిచారు, కంపెనీ 2017లో దివాలా తీసింది. ఇలాంటి లోపం ఉన్నా బండి మాత్రం రోజూ చక్కగా నడుస్తూనే ఉంటుంది, అందుకే లెటర్ వచ్చినా చాలామంది పక్కన పడేస్తారు.

కంపెనీ చెప్పే ప్రతి రిపేరూ రికాల్ కాదు. సేఫ్టీ రికాల్ అంటే ప్రాణానికి సంబంధించింది, చాలా దేశాల్లో బండి ఎన్ని చేతులు మారినా రిపేరు ఫ్రీనే. సర్వీస్ బులెటిన్ వేరు, అది ఫలానా కంప్లయింట్ వస్తే ఇలా బాగుచెయ్యండి అని డీలర్లకి పంపేది, మనకి లెటర్ రాదు, సాధారణంగా వారంటీ ఉంటేనే ఫ్రీ. బండిలో ఏదైనా వింత చప్పుడొస్తే "దీనికి బులెటిన్ ఉందా" అని అడగండి, ఊరికే పార్టులు మార్చే బాధ తప్పొచ్చు.

ఇంకోటి, నోటీసులో నడపొద్దు అనో ఇంటికి దూరంగా ఆరుబయట పెట్టండి అనో ఉంటే అపాయింట్‌మెంట్ దొరికేదాకా కూడా దాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. 2021లో షెవ్రొలే బోల్ట్ అనే ఎలక్ట్రిక్ కారు ఓనర్లకి అలాగే ఆరుబయట పెట్టమని చెప్పారు, బ్యాటరీ నుంచి మంటలొచ్చే ప్రమాదం ఉందని.

చాసిస్ నంబర్ బండి కాగితాల్లో ఉంటుంది, చాలా కార్లకి ముందు అద్దం కింది మూలన కూడా కనపడుతుంది. మొత్తం 17 అక్షరాలు, అంకెలు. అందులో ఐ, ఓ, క్యూ వాడరు కాబట్టి ఓ లాగా ఉంటే సున్నా కొట్టండి. కంపెనీ సైట్‌లో అది వేస్తే పెండింగ్ రికాల్స్ చూపిస్తుంది, పదేళ్ల బండికి కూడా కొత్తగా రికాల్ రావచ్చు కాబట్టి అప్పుడప్పుడూ చూస్తుండాలి.

నా కారుకి ఇన్‌ఫ్లేటర్ మార్చారు, పైసా తీసుకోలేదు. ఆ రోజే కౌంటర్ దగ్గర నిలబడి కంపెనీ రికార్డులో పాత ఓనర్ అడ్రస్ తీసేయించి నాది ఎక్కించాను.