రాత్రిళ్లు నిద్రలేవని పాప

సింక్ దగ్గర పాలసీసా కడుగుతున్న అత్తమ్మ "ఇదేం వాసన రా?" అని పిలిచింది. నిపుల్ చుట్టూ గులాబీ రంగు జిగట. ముక్కు దగ్గర పెట్టుకుంటే దగ్గు సిరప్ వాసన.

పాపను చూసుకోవడానికి ఏజెన్సీ పంపిన ఆయమ్మ బ్యాగులో సగం ఖాళీ అయిన సిరప్ సీసా దొరికింది. "రాత్రంతా ఏడుస్తది మేడమ్. కొంచెం వేస్తే మంచిగ పంటది. అన్ని ఇళ్లల్ల ఇట్లనే చేస్తా" అంది. గొంతులో తొట్రుపాటు కూడా లేదు.

నెల కూడా నిండని పిల్ల! ఆ సీసా మీదే "నాలుగేళ్ల లోపు పిల్లలకు వాడరాదు" అని రాసి ఉంది. 2023లో డ్రగ్ కంట్రోలర్ పెట్టించిన హెచ్చరిక అది. ఇంత చిన్న పిల్లలకు ఈ మందుతో ఊపిరే మందగించవచ్చని డాక్టర్ చెబుతుంటే నాకు కాళ్లు ఆడలేదు. సాయంత్రం దాకా అబ్జర్వేషన్‌లో ఉంచారు. దేవుడి దయ, బాగానే ఉంది.

ఈ వయసు పిల్లలు రెండు మూడు గంటలకోసారి పాలకు లేవాలి. మా పాప లేవడం లేదంటే ఎంత బుద్ధిమంతురాలో అని చుట్టాలంతా మురిసిపోయారు. తలుచుకుంటే కడుపు తరుక్కుపోతోంది.

ఏజెన్సీకి ఫోన్ చేస్తే "రేపు ఇంకో ఆమెను పంపిస్తాం మేడమ్" అన్నారు, అంతే. నాకు ఇంకో ఆమె వద్దు. ఈమెను మళ్లీ ఏ పసిబిడ్డ ఉన్న ఇంటికీ పంపబోమని రాసివ్వమన్నాను. ఇవ్వలేదు. రేపు పొద్దున్నే సీసా పట్టుకుని మా ఆయన, నేను పోలీస్ స్టేషన్‌కు వెళ్తున్నాం.