సాతభాయ అక్కల దగ్గర నేర్చుకున్నది

పీహెచ్‌డీ దేనిమీద అని అడిగేవాళ్ళందరికీ సాతభాయ గురించే చెప్తున్నా. ఒడిశా కేంద్రపడా జిల్లాలో ఏడూళ్ళ పంచాయతీ, చాలావరకు సముద్రంలో కలిసిపోయింది, మిగిలిన 571 కుటుంబాల్ని బగపాటియా కాలనీకి తరలించారు, ఇంటి స్థలం ఇచ్చారు కానీ సాగుభూమి లేదు, దాంతో మగాళ్ళు చాలామంది కేరళకి పనికి పోయారు, పిల్లలూ ముసలాళ్ళూ నీళ్ళూ అప్పులూ అన్నీ ఆడవాళ్ళ నెత్తినే పడ్డాయి.

అసలు అక్కడి పంచుబరాహి గుడిలో పూజారులు ఆడవాళ్ళే తెలుసా, అదీ చేపలు పట్టే ఇళ్ళ కోడళ్ళు! మగాళ్ళు విగ్రహాల్ని ముట్టుకోకూడదు, 2018లో గుడి మార్చేటప్పుడు బరువు మోయడానికి మాత్రం మగాళ్ళని రానిచ్చారు. అమ్మవారి దగ్గర అంత అధికారం ఉన్నవాళ్ళు కాలనీ మీటింగ్‌లో వెనక నిలబడి వింటుంటే నాకు కడుపు రగిలిపోయింది.

ఒక అక్క తన ఇంటి వెనక ఇరుకు జాగా చూపించి, ఇక్కడ మేకని కట్టనా, కట్టెలు పేర్చనా, స్నానానికి తడిక కట్టుకోనా చెప్పమ్మా అంది. లేఅవుట్ గీసేముందే ఆవిణ్ణి అడగాల్సిన ప్రశ్న కదా ఇది! ఆడవాళ్ళతో విడిగా మీటింగ్, పట్టాలో భార్య పేరు, ఈ రెండూ నా థీసిస్‌లో గట్టిగా రాస్తున్నా. మన ఉప్పాడలోనూ ఇళ్ళు సముద్రపు కోతకి పోతున్నాయి, తర్వాత అక్కడి అక్కలతో కూర్చోవాలి.