గుత్తిలో చూసిన దాగలి

ఈరోజు గుత్తిలో పాత ఇనప సామాన్ల అంగడికి పోయి రెండు దాగళ్ళు చూశాను, కొలిమిలో కాల్చిన ఇనుమును పెట్టి సుత్తితో కొట్టే దిమ్మెలు. ఒకటి నున్నగా మెరుస్తోంది, ధర ఎక్కువ. ఇంకోటి తుప్పు పట్టి, సుత్తి దెబ్బ పడే పైభాగం, అదే మొగం, నడిమధ్య లోతు పడి, ఒకపక్క అంచు పెచ్చులూడి ఉంది. నేను బేరం చేసింది రెండోదాన్ని. "అరిగిపోయినదానికి అన్ని దుడ్లు పోస్తావా అన్నా" అని తమ్ముడు ఇంటికొచ్చినప్పటి నుంచీ అడుగుతూనే ఉన్నాడు. వాడికి చెప్పిందే ఇక్కడా రాసి పెట్టుకుంటున్నా.

మొగం అరగడం పెద్ద సంగతి కాదు. పైనున్న ఉక్కులో పదును, అంటే కాల్చి నీళ్ళలో ముంచితే వచ్చే గట్టితనం, ఉందా, పోయిందా అన్నదే చూడాలి. ఇట్లాంటి పాత ఇంగ్లండు దాగళ్ళకు ఒళ్ళంతా మెత్తని ఇనుము. మొగానికి మాత్రం ఉక్కు పలక అతికి, నీళ్ళ పదును పెట్టి ఉంటారు. ఆ పలక గట్టిగా ఉంటే దెబ్బ పడగానే సుత్తి తనంతట తానే పైకి లేస్తుంది. మెత్తబడితే ప్రతిసారీ మనమే ఎత్తుకోవాలి. సాయంత్రానికి భుజం పట్టేస్తుంది.

జేబులో బేరింగు గుండు, స్టీలు స్కేలు పెట్టుకొని పోయాను. స్కేలు నిలబెట్టి 25 సెంటీమీటర్ల ఎత్తు నుంచి గుండు వదిలితే, తుప్పుదాని మీద, ఆ లోతు పడిన చోటే, 20 దాకా ఎగిరింది. ఇంతకంటే ఏం కావాల? పెచ్చులూడిన అంచు పక్కన 18. ఒక చివర మొనదేలి ఉండే కొమ్ముకూ మొగానికీ మధ్య ఉండే చిన్న మెట్టు మీద మాత్రం బాగా తక్కువ లేచింది. అది ఉలి పెట్టి ఇనుము నరుక్కునే చోటు, అక్కడ ఉక్కు పలక ఉండదు. తెలియనివాళ్ళు అక్కడే గుండు వేసి చూసి మంచి దాగలిని వద్దని వదిలేస్తారు, అది నాకు బాధ.

మెరిసేదాని మీద అదే గుండు 12 దాటలేదు. గ్రైండరుతో చదును చేయించారంట, అంచులకు వెల్డింగ్ కూడా పోయించారంట. గ్రైండరు పెట్టినకొద్దీ పదునున్న ఉక్కే పోతుంది. వెల్డింగ్ వేడి తగిలిన చోట ఉన్న పదునూ దిగిపోతుంది. ఆకురాయి పెట్టి రుద్దితే దాన్ని కొరికింది, తుప్పుదాని మీద జారిపోయింది.

తర్వాత చిన్న సుత్తితో ఈ చివర నుంచి ఆ చివరకు తట్టుకుంటూ వచ్చాను. అంతటా ఒకే మోత, కంచు పలికినట్టు. ఎక్కడైనా బొంగురుపోతే కింద అతుకు విడిందని అనుమానించాలి. కానీ మోత ఒక్కటే నమ్మకూడదు. పోత ఇనుము మీద ఉక్కు పలక వేసినవి మంచివైనా అంతగా మోగవు. అందుకే నాకు ముందు గుండు, తర్వాతే చెవి.

పక్కన తుప్పు గీకి సుద్దముక్క రుద్దితే 1 1 3 అని అంకెలు తేలాయి. అంగడాయన దాన్ని 113 కిలోలనుకొని ఆ లెక్కనే ధర చెప్పాడు. అది ఇంగ్లండువాళ్ళ పాత తూకం, హండ్రెడ్‌వెయిట్ లెక్క. మొదటి అంకెకు 112 పౌండ్లు, రెండోదానికి 28, మూడోది విడి పౌండ్లు. మొత్తం 143, అంటే సుమారు 65 కిలోలు. కాటా మీద పెట్టిస్తే 64 చూపించింది. "అట్లనా సామీ, నాకు తెలీదే" అని ఆయనే తగ్గించాడు. 9,500కు కుదిరింది.

ఇక లోతు సంగతి. స్కేలు అడ్డంగా పెడితే మధ్యలో మూడు మిల్లీమీటర్ల సందు కనిపించింది. వంగిన గడ్డపారను సాపు చేసేటప్పుడు ఆ పల్లం పనికొస్తుంది, కొంచెం అవతలికి వంచితేనే అది తిన్నగా నిలబడుతుంది. కొడవళ్ళు కొట్టుకోవడానికి మొగం మీద చదరపు బెజ్జం ఉన్న వైపు చదునుగానే ఉంది. పెచ్చులూడిన అంచును వేడెక్కనీకుండా కొద్దికొద్దిగా రుద్ది గుండ్రం చేస్తా. ఎట్లాగూ వాడిగా ఉన్న అంచు మంచిది కాదు. ఎర్రటి ఇనుములో గాటు పెడుతుంది, తర్వాత పనిముట్టు ఆ గాటు దగ్గరే విరుగుతుంది.

రేపు ఆటో మాట్లాడాలి. దాగలి కింద పెట్టడానికి తుమ్మ మొద్దు ఒకటి వెతకాలి. నిలబడి చెయ్యి కిందికి వదిలితే దాగలి మొగం పిడికిలికి తగలాలి, మొద్దు ఆ లెక్కన కోయించాలి. విత్తనాలు వేసే లోపల ఊళ్ళో నాగలి కర్రులన్నీ మా కొలిమికే వస్తాయి.