మేనత్త అడగని భాగం

ఈ వేసవిలో విశాఖ వెళ్లినప్పుడు, ఎంవీపీ కాలనీలో మా నాన్నగారింట్లో అందరం భోజనాలు చేస్తుంటే, మా పద్నాలుగేళ్ల అమ్మాయి ఉన్నట్టుండి అడిగింది: "తాతయ్యా, మీ తర్వాత ఈ ఇల్లు ఎవరిది?"

మజ్జిగ పోస్తున్న అమ్మ చెయ్యి ఆగిపోయింది. నేను "ఏం మాటలే అవి!" అని కసిరాను. దానికి తన తప్పేమిటో తెలియలేదు. నిజానికి తప్పేమీ లేదు. డల్లాస్‌లో మేమిద్దరం వీలునామా రాసుకున్నాం. మాకేమైనా అయితే పిల్లలిద్దరూ ఎవరి దగ్గర పెరగాలో అందులో రాశాం, ఆ సంగతి దానికి చెప్పాం కూడా. అక్కడ మామూలు మాట ఇక్కడికొచ్చేసరికి అశుభమైపోయింది, అలా చేసింది కూడా నేనే.

నాన్నగారు మాత్రం "అడగనీ అమ్మా" అన్నారు. మర్నాడు బీరువాలోంచి దస్తావేజు, ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీలు చూపే పత్రం), జీవీఎంసీ (విశాఖ నగర పాలక సంస్థ) ఇంటిపన్ను రసీదులు తీసి దాని ముందు పెట్టారు. ఆదివారం తెలుగు క్లాసులో నేర్చుకున్న అక్షరాలతో అది హద్దులు చదివింది. తూర్పున రోడ్డు, పడమర ఫలానా వారి ఇల్లు... ఒక్కో మాటకీ ఆగుతూ, వేలు పెట్టి చూపిస్తూ. నాన్నగారు తప్పు దిద్దకుండా విన్నారు. పిల్లలకు తెలుగు ఎందుకని అడిగేవాళ్లకు నేనిక చెప్పే జవాబు అదే.

ఇల్లు ఆయన స్వార్జితం. వీలునామా రాస్తే తన ఇష్టమొచ్చినవాళ్లకు ఇవ్వొచ్చు. రాయకుండా పోతే అమ్మకు, తమ్ముడికి, నాకు సమానంగా వస్తుంది. తెల్లకాగితం మీద రాసినా చెల్లుతుంది, స్టాంపు అక్కర్లేదు. కానీ ఇద్దరు సాక్షుల సంతకాలు ఉండాలి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు గానీ చేయిస్తేనే నయం. బ్యాంకు డిపాజిట్లకు తమ్ముడు నామినీ కాబట్టి ఆ డబ్బు వాడిదేనని ఇంట్లో అందరం అనుకున్నాం. కాదు. నామినీ బ్యాంకు నుంచి అందుకునే మనిషి మాత్రమే, హక్కు వారసులదే.

"ఇల్లు మీ మామయ్యకు రాద్దామనుకుంటున్నాను" అన్నారు నాన్నగారు.

"అబ్బాయి కాబట్టా?"

ఆయన ఆలోచించి చెప్పారు. "మమ్మల్ని చూసుకుంటున్నాడు కాబట్టి." నాకూ అదే న్యాయమనిపించింది. రాత్రి రెండింటికి అమ్మను ఆస్పత్రికి తీసుకెళ్లింది తమ్ముడూ మరదలే. నేను ఫోన్లో ఏడ్చానంతే.

పద్మనాభం ఊరి దగ్గరున్న పొలం సంగతి వేరు. అది తాతల నాటిది. మా మేనత్తకు 1978లో పెళ్లైంది. పసుపు కుంకుమ కింద కాస్త బంగారం ఇచ్చి, భూమిలో ఏమీ ఇవ్వలేదు. తర్వాత మా తాతగారు వీలునామా లేకుండా పోయారు. 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం కనీసం ఆయన వంతులోనైనా ఆమెకు భాగం ఉంది. ఎవరూ ఇవ్వలేదు, ఆమె అడగలేదు. ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చిన సవరణ 1985 సెప్టెంబరు నుంచి అమల్లోకి వచ్చి, పిత్రార్జితంలో కూతుళ్లకు కొడుకులతో సమాన హక్కు ఇచ్చింది. కానీ అప్పటికే పెళ్లైన ఆడపిల్లలకు అది వర్తించలేదు. నాకప్పటికి నాలుగేళ్లు. 2005లో దేశమంతటా కూతురికి పుట్టుకతోనే ఆ హక్కు వచ్చింది.

తమ్ముడి మొహం చూసి "నాకెందుకులే" అనేద్దామనిపించింది. పక్కన నా కూతురు కూర్చుని ఉంది. నేనలా అంటే అది నేర్చుకునేది అదే. అందుకే ఇంట్లో భాగం వద్దన్నాను, పొలంలో నా వంతు నాకు కావాలన్నాను. తమ్ముడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత "సరే అక్కా, సర్వేయర్‌ని పిలుద్దాం" అన్నాడు.

మాలాంటి ఓసీఐ వాళ్లు, అంటే విదేశీ పౌరసత్వం తీసుకున్న భారత సంతతివాళ్లు, ఇక్కడ వ్యవసాయ భూమి కొనకూడదు, వారసత్వంగా మాత్రం తీసుకోవచ్చు. అమ్మాలంటే ఇక్కడ నివసించే భారతీయులకే అమ్మాలి. డబ్బు ఎన్‌ఆర్‌ఓ ఖాతా (విదేశాల్లో ఉండేవాళ్లు ఇక్కడి రాబడి కోసం తెరిచే బ్యాంకు ఖాతా) నుంచి ఏడాదికి పది లక్షల డాలర్ల వరకు బయటికి పంపుకోవచ్చు. అంత భూమి మాకు లేదనుకోండి. మన తరఫున ఇంకొకరు సంతకాలు చేయడానికి అమెరికాలో రాసిన పవర్ ఆఫ్ అటార్నీకి మాత్రం ఇక్కడికి చేరిన మూడు నెలల్లోపు స్టాంపు వేయించాలి. మేం పంపింది బల్ల మీదే ఉండి గడువు దాటిపోయింది, మళ్లీ మొదటి నుంచి చేయించాల్సి వచ్చింది.

ఆదివారం భీమిలి నుంచి మేనత్త వచ్చింది. మా అమ్మాయి నెమ్మదిగా పక్కన చేరి, వచ్చీరాని తెలుగులో, నీ భాగం ఎందుకు అడగలేదని అడిగేసింది. ఈసారి నేను కసరలేదు.

మేనత్త దాని జడ సవరిస్తూ అంది: "నీకు కావాలా అని నన్నెవరూ అడగలేదే తల్లీ."

నాన్నగారు పేపరు మడిచి పక్కన పెట్టారు. సాయంత్రం లాయరుకు ఫోన్ చేసి వీలునామా చిత్తుప్రతి వెనక్కి తెప్పించుకున్నారు. పొలంలో తన వంతులోంచి పదిహేను సెంట్లు చెల్లెలి పేర ఉండాలని, తన చేతిరాతతో మార్జిన్లో రాశారు.