టాహో అంటే ఏ టాహో?

కాలిఫోర్నియాలోని మావాళ్ల వాట్సాప్ గ్రూపులో ఒకరు ‘టాహో ఎలా ఉంది?’ అని అడిగారు. ఒకాయన మంచు కురుస్తోందన్నారు, ఇంకొకాయన పెట్రోలు తెగ తాగుతుందన్నారు. నేనేమో గాజు పలకల్లాంటి కొత్త మెనూలు కళ్లకు ఆనడం లేదని రాశాను. ముగ్గురివీ సరైన జవాబులే! షెవ్రొలే తన బండికి 1990లలోనే ఆ పేరు పెట్టుకుంది, ఆపిల్ 2025లో తన మ్యాక్ కంప్యూటర్లను నడిపే సాఫ్ట్‌వేర్‌కు, అంటే మ్యాక్‌ఓఎస్ 26కు పెట్టింది.

నా ఓటు మాత్రం మంచు కురిసే ఆ టాహో సరస్సుకే. అందులోని ఎమరాల్డ్ బే అనే చిన్న అఖాతం ఒడ్డున మోకాలి లోతులో నిలబడితే కాలివేళ్ల పక్కన గులకరాళ్ల మీది చారలు కూడా కనిపిస్తాయి. వేసవిలోనూ ఆ నీళ్లు ఎముకలు కొరికేస్తాయి. సరస్సు గరిష్ఠ లోతు 501 మీటర్లు మరి.

అన్నట్టు, ఇంటెల్ చిప్‌లతో నడిచే పాత మ్యాక్‌లకు టాహోనే ఆఖరి వెర్షన్. నా పాత ల్యాప్‌టాప్‌కు ఆ సంగతి ఇంకా చెప్పలేదు.